పెద్దడాక్టరు వీపు

మురహరికి ఒక పని రాదు. ఆ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

అతను ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో పీజీ డాక్టరు. ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. ఎక్స్‌రేని వెలుతురుకెత్తి చూశాడంటే ఎంత చిన్న మచ్చయినా తప్పించుకోదు. మందుల మోతాదులు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కింది తరగతుల డాక్టర్లకు ఏ అనుమానం వచ్చినా అతని దగ్గరికే వస్తారు. కానీ రోగి ఛాతీలో చేరిన నీటిని సూదితో తీయమంటే మాత్రం అతని వేళ్లు చల్లబడిపోతాయి.

ఊపిరితిత్తికీ పక్కటెముకలకీ మధ్య సన్నని పొర లాంటి చోటు ఉంటుంది. జబ్బు చేస్తే అందులో నీరు ఊరుతుంది. నీరు పెరిగేకొద్దీ ఊపిరితిత్తి నలిగి మనిషికి ఊపిరి అందదు. వీపు మీద సరైన చోటు చూసి, రెండు ఎముకల సందులోంచి సూది దించి ఆ నీరు తీసెయ్యాలి. ఛాతీ ఆసుపత్రిలో ఇది రోజూ ఉండే పనే.

అది మురహరికి రాకపోవడానికి కారణం లేకపోలేదు. అతను చేరిన ఏడాదే కరోనా వచ్చిపడింది. ఎవరూ ఎవరి పక్కనా నిలబడని రోజులు. చెయ్యి తిరిగిన ఒకరిద్దరు డాక్టర్లు లోపలికి వెళ్లి, చకచకా పని ముగించుకుని బయటపడేవారు. నేర్చుకోవాల్సిన వాళ్లు అద్దాల తలుపు ఇవతలే ఉండిపోయారు. ఆ గండం గడిచాక మురహరి ఒకసారి సూది పట్టాడు. నీరు రాలేదు. రోగి కెవ్వున అరిచాడు. వెనకనున్న సీనియరు "జరుగు" అని సూది లాక్కున్నాడు.

అంతే. అప్పట్నుంచి మురహరి తప్పించుకోవడం నేర్చుకున్నాడు. "స్కాన్ రూములో తీయిద్దాం, అదే క్షేమం" అనేవాడు. వినేవాళ్లకు అది జాగ్రత్తలాగే ఉండేది. చూస్తుండగానే తనే సీనియరయిపోయాడు. సీనియర్ని పట్టుకుని "మీకిది వచ్చా?" అని ఎవరడుగుతారు?

ఆ ఆసుపత్రి ఊరికి దూరంగా, సముద్రపొడ్డున, సరుగుడు తోటల మధ్య ఉంటుంది. వెనకటికి క్షయరోగులకు మంచి గాలి తగలాలని అక్కడ కట్టారు. దాని పెద్ద ప్రొఫెసర్ సువర్ణరాజు గారు. పొట్టిగా, బక్కగా ఉంటారు. మాట తక్కువ. రోగులు ఆయన్ని పెద్దడాక్టరంటారు. ఆయన వార్డులోకి వస్తే అడుగుల చప్పుడు కూడా వినపడదు. తల తిప్పేసరికి పక్కన ఉంటారు.

ఒకరోజు పొద్దున్న పైడయ్య అనే ఇటుకబట్టీ మనిషిని తీసుకొచ్చారు. కుడివైపు ఛాతీ నిండా నీరు. పడుకోలేడు, మాట్లాడలేడు. మంచం అంచున కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, నోటితో గాలి అందుకుంటున్నాడు.

"సార్, వెంటనే తీయాలి కదా" అంది సాహితి. మొదటి ఏడాది పీజీ. సామాను సర్ది ట్రే కూడా తెచ్చేసింది. "మీరు తీస్తుంటే నేను పక్కనుండి చూసి నేర్చుకుంటాను."

"స్కాన్ రూముకి పంపుదాం" అన్నాడు మురహరి.

"స్కాన్ డాక్టరుగారు ఇవాళ లీవు సార్."

మురహరి చేతులు కడుక్కున్నాడు. అవసరానికి మించి కడుక్కున్నాడు. వచ్చి పైడయ్య వీపు మీద వేళ్లు ఆన్చాడు. ఆ వీపు ఎండకు మాడి, చెమటతో తడిసి, ప్రతి ఊపిరికీ ఎగిసి పడుతోంది. సూది ఎక్కడ పెట్టాలో పుస్తకంలో బొమ్మ కళ్లముందు కనిపిస్తోంది. వేలి కింద మాత్రం ఏమీ తెలియడం లేదు.

"ఇంకాస్త ఆక్సిజన్ పెంచండి" అన్నాడు. "బీపీ మళ్లీ చూడండి" అన్నాడు. కాసేపాగి, "ఎక్స్‌రే ఇంకోటి తీయిద్దాం" అన్నాడు.

సాహితి అతని మొహం కేసి చూసింది. పైడయ్య పెదవులు నీలంగా మారుతున్నాయి.

సువర్ణరాజు గారు ఎప్పుడొచ్చారో తెలియదు. రోగిని ఒక చూపు, ట్రేని ఒక చూపు, మురహరిని ఒక చూపు చూశారు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. పైడయ్య ముందుకు ఒక బల్ల జరిపి, దాని మీద దిండు పెట్టి, "దీని మీద వాలు నాయనా" అన్నారు. వీపు మీద ఎడమచేతి వేలు ఆనించి కుడిచేతి వేలితో కొడుతూ కిందికి దిగారు. ఒకచోట ఆగారు. నొప్పి తెలియకుండా తిమ్మిరి మందు ఇచ్చారు. కాసేపటికి సిరంజిలోకి ఎండుగడ్డి రంగు నీరు వచ్చింది.

నీరు వస్తూండగా పైడయ్య ఊపిరి నెమ్మదించింది. దిండు మీద చెంప ఆన్చి అలాగే కళ్లు మూసుకున్నాడు. ఎన్నాళ్లయిందో నిద్రపోయి.

ఆయన మురహరిని ఏమీ అడగలేదు. చేతులు కడుక్కుని ఓపీకి వెళ్లిపోయారు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది మురహరికి.

సాయంత్రం ఓపీ అయ్యాక ఆయన గదికి వెళ్లాడు. ఆయన ఒక్కరే కూర్చుని టీ తాగుతున్నారు. మురహరి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"సార్, నాకు నీరు తీయడం రాదు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ సార్."

"ఇవాళ పొద్దున్న చెప్పి ఉంటే?"

మురహరి తల దించుకున్నాడు. "సాహితి ఉంది సార్, పక్కన."

"పైడయ్య కూడా ఉన్నాడు" అన్నారాయన మెల్లగా.

ఆ మాటకు మురహరి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కోపంగా అనలేదు. అందుకే తట్టుకోలేకపోయాడు. కిటికీలోంచి సరుగుడు చెట్ల హోరు వినిపిస్తోంది.

ఆయన లేచి గది మూలనున్న మట్టికూజా తెచ్చి బల్ల మీద పెట్టారు. కుర్చీ మీది తువ్వాలు తీసి దాని మీద కప్పారు.

"నీళ్లు ఎంతవరకున్నాయో చెప్పు."

"ఎత్తి చూడొచ్చా సార్?"

"పైడయ్యని ఎత్తి చూస్తావా?"

మురహరి తువ్వాలు మీదే వేలు ఆనించి, ఇంకో వేలితో కొట్టాడు. అంతా ఒకేలా వినిపించింది. మళ్లీ కొట్టాడు. మూతి నుంచి పొట్ట దాకా, పొట్ట నుంచి మూతి దాకా. ఆయన టీ చల్లారిపోయింది. చాలాసేపటికి ఒకచోట చప్పుడు మారింది. పైన డొల్లగా ఉన్నది అక్కడ మొద్దుబారింది. నిజానికి అది చెవికి వినిపించలేదు. వేలికి తెలిసింది.

"ఇక్కడ సార్."

ఆయన తువ్వాలు తీసి కూజా వంచి చూశారు. కాస్త అటూ ఇటూగా అక్కడే ఉన్నాయి నీళ్లు. "రేపు రా" అన్నారు.

ఆ రోజు నుంచి వార్డులో ఎవరికి నీరు తీయాల్సి వచ్చినా ఆయన మురహరిని పిలిచేవారు. మొదట అతని చేత వీపు మీద కొట్టించి చోటు చెప్పించేవారు. తర్వాత తను పని చేస్తూ, అతని చెయ్యి తీసుకుని తన చేతి మీద పెట్టించుకునేవారు. సూది చర్మం దాటడం, కండ దాటడం, ఎముక అంచు మీదుగా జారడం, ఆ తర్వాత లోపలి పొర మెత్తగా దారి ఇవ్వడం మురహరికి ఆయన మణికట్టులోంచి తెలిసేవి. ఇదంతా సాహితి ముందే జరిగేది. మొదటిరోజు అతని చెవులు ఎర్రబడ్డాయి. మూడు నాలుగు రోజులకు అదీ పోయింది. సాహితి కూడా వచ్చి అతని చేతి మీద తన చెయ్యి పెట్టడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఒక జాలరి వచ్చాడు. చిన్న వయసు. నోట్లో నాలుక లేని మనిషి. నీరు మరీ ఎక్కువ లేదు, ప్రమాదం లేదు, చోటు స్పష్టంగా ఉంది.

"ఇవాళ నువ్వే తియ్యి" అన్నారు సువర్ణరాజు గారు.

మురహరి గ్లవ్స్ తొడుక్కున్నాడు. జాలరి చొక్కా విప్పి, చెప్పినట్టే బల్ల మీదకు వాలి కూర్చున్నాడు. ఏం చేస్తారని అడగలేదు. ఎవరు చేస్తారని అడగలేదు. మురహరి ఆ వీపు కేసి చూస్తూ నిలబడిపోయాడు. కాసేపటికి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నా వల్ల కాదు సార్."

ఆయన సూది అందుకుని పని ముగించారు. ఆ మనిషికి చొక్కా తొడిగించి పంపారు. ఆయన గదిలోకి వెళ్లాక మురహరి తనే మొదలుపెట్టాడు. ఈసారి గొంతులో సిగ్గు లేదు. ఇంకేదో ఉంది.

"చెయ్యకుండా రాదు సార్. నాకు తెలుసు. కానీ ఎవరి మీద చెయ్యాలి? అతను వద్దనలేడు సార్. డాక్టర్ల దగ్గర వద్దని అనొచ్చని కూడా అతనికి తెలియదు. ఎప్పుడూ అలాంటివాళ్ల ఒంటి మీదేనా మేం నేర్చుకునేది? మా తప్పులన్నీ వాళ్లే భరించాలా?"

సువర్ణరాజు గారు అతన్ని చాలాసేపు చూశారు. ఆ చూపులో ఏముందో మురహరికి అర్థం కాలేదు. తను హద్దు దాటానేమో అనుకున్నాడు.

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు. చొక్కా గుండీలు విప్పి చొక్కా కుర్చీకి తగిలించారు. బనీను కూడా తీసేశారు. బల్ల ముందు స్టూలు లాక్కుని, అతనికి వీపు పెట్టి, చేతులు బల్ల మీద ముడుచుకుని కూర్చున్నారు.

"కొట్టి చూడు" అన్నారు.

మురహరి దగ్గరికి వెళ్లాడు. తనకు పాఠం చెప్పే మనిషి వీపు అంత సన్నగా ఉంటుందని అతనెప్పుడూ అనుకోలేదు. ఎముకలు లెక్కపెట్టేటట్టున్నాయి. మెడ వెనక తెల్ల వెంట్రుకలు సరిగా కత్తిరించుకోలేదు. మెళ్లో గొలుసుకున్న చిన్న శిలువ వెనక్కి తిరిగి భుజాల మధ్య వేలాడుతోంది.

వేలు ఆనించాడు. ఎడమవైపు పైనుంచి కొట్టుకుంటూ దిగాడు. డొల్లగా, మంచి చప్పుడు. కుడివైపుకు మారాడు. పైన అలాగే ఉంది. కింద, భుజం రెక్క ఎముక దాటాక, వేలి కింద చప్పుడు మొద్దుబారింది.

ఆగాడు. మళ్లీ కొట్టాడు. ఎడమవైపు చూసుకుని వచ్చి మళ్లీ కొట్టాడు.

"ఏం తెలిసింది?"

ఆయన మామూలుగా ఉన్నారు. రోజూ అందరికంటే ముందు వస్తారు, మెట్లెక్కి తిరుగుతారు. ఆయనకేముంటుంది? తన వేలికే ఇంకా పని రాలేదు.

"బాగుంది సార్" అన్నాడు మురహరి. "రెండువైపులా ఒకేలా ఉంది."

"సరే" అని ఆయన చొక్కా తొడుక్కున్నారు.

హాస్టలుకు వెళ్లాడన్నమాటే గానీ మురహరి వేలి చివర ఆ మొద్దుతనం అలాగే ఉండిపోయింది. భోజనం చేస్తూ కంచం అంచు మీద కొట్టి చూశాడు. గోడ మీద కొట్టి చూశాడు. వేలు సరిగ్గానే చెబుతోంది. మరి నిన్నటిదాకా కూజా దగ్గర, రోగుల దగ్గర నిజం చెప్పిన వేలు ఆయన దగ్గరే అబద్ధం చెప్పిందా? అబద్ధం చెప్పింది వేలు కాదని తెలియడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు.

తెల్లారగానే ఆయన స్కూటరు ఆగే చోటికి వెళ్లి నిలబడ్డాడు. ఆయన దిగీ దిగకముందే అన్నాడు.

"సార్, నిన్న అబద్ధం చెప్పాను. కుడివైపు కింద మొద్దుగా ఉంది. నీరు ఉన్నట్టుంది సార్."

ఆయన హెల్మెట్ తీస్తూ తీస్తూ ఆగారు. "నిన్నే తెలిసిందా?"

"తెలిసింది సార్. మీకు ఉండదనుకున్నాను. నా వేలే తప్పనుకున్నాను."

ఆయన నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది. పొడి దగ్గు. కుడి పక్క చేత్తో నొక్కిపట్టుకుని దగ్గారు. "కొన్నాళ్లుగా ఇక్కడ పొడుస్తోంది" అన్నారు. "వయసనుకున్నాను. పద, ఎక్స్‌రే తీయిద్దాం."

ఎక్స్‌రేలో కుడివైపు కింద తెల్లగా ఉంది. ఆసుపత్రిలో ఆ మాట క్షణంలో పాకిపోయింది. ఆయన తర్వాత పెద్ద డాక్టరు నజీమా మేడం. ఆవిడ ఎక్స్‌రే పట్టుకుని నిలబడి, "ఈ జబ్బుల మధ్య ఇన్నేళ్లు తిరిగారు, మీ సంగతి మీరు చూసుకోరు" అని గట్టిగానే మందలించింది. "కూర్చోండి సార్. నేను తీస్తాను. ఏమిటో పరీక్షకు పంపుదాం."

"మీరు దగ్గరుండండి మేడం" అన్నారు సువర్ణరాజు గారు. "మురహరి తీస్తాడు."

మురహరి వెనక్కి జరిగాడు.

"వద్దు సార్. మీకు వద్దు. నా చేత్తో ఏమైనా అయితే..."

"నాకు వద్దనడం వచ్చు మురహరీ" అన్నారాయన. "నేను అనడం లేదు."

నజీమా మేడం ఆయన మొహం చూసి తలూపింది. స్కాన్ యంత్రం తెప్పించి, నీరెక్కడుందో చూసి, మురహరి వేలితో కొట్టి చెప్పిన చోటే పెన్నుతో గుర్తు పెట్టింది. "సరిగ్గా చెప్పావు" అంది మెల్లగా. సాహితి ట్రే పట్టుకుంది.

ఆయన బల్ల మీద దిండు వేసుకుని వాలారు. మురహరి చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని వెనక నిలబడ్డాడు. చల్లని మందుతో వీపు తుడిచాడు. తుడుస్తుంటే ఆ వీపు చిన్నగా వణికింది.

చలి అనుకున్నాడు మొదట. కాదు. భుజాలు బిగుసుకుని ఉన్నాయి. మెడ మీద చెమట పట్టింది. ఎంతమందికి తీసి ఉంటారో తనకే తెలియని మనిషి, సూది ఎక్కడ ఎంత లోతుకు వెళుతుందో అందరికంటే బాగా తెలిసిన మనిషి, భయపడుతున్నారు.

అది చూడగానే మురహరికి తన భయం గుర్తు రాలేదు. ఎటు పోయిందో పోయింది. అతనికి ఆ వీపే కనిపించింది.

ఎడమ అరచెయ్యి ఆయన భుజం మీద ఆన్చాడు.

"సార్, ఇది నా చెయ్యి. ఇప్పుడు సన్న సూది గుచ్చుతాను, తిమ్మిరి మందుది. చురుక్కుమంటుంది."

"ఊఁ."

"అయిపోయింది. ఇప్పుడు పెద్ద సూది. నొప్పి ఉంటుంది సార్, ఒత్తుతున్నట్టుంటుంది. దగ్గు వస్తే ఆపుకోకండి, నాకు చెప్పండి. నేను ఆగుతాను."

"సరే నాయనా."

కింది ఎముక పై అంచు తగిలింది. దాని మీదుగా జరిగాడు. కండ బిగువు తెలిసింది. ఇంకొంచెం. లోపలి పొర మెత్తగా దారి ఇచ్చింది. ఇన్నాళ్లూ ఆయన మణికట్టులోంచి తెలిసినది ఇప్పుడు తన వేళ్లకే తెలిసింది. సిరంజి వెనక్కి లాగాడు. పసుపు రంగు నీరు నిదానంగా పైకొచ్చింది.

సాహితి ఊపిరి వదలడం అందరికీ వినిపించింది.

నీరు వస్తోంది. సిరంజి నిండుతోంది, ఖాళీ అవుతోంది, మళ్లీ నిండుతోంది. కొంతసేపటికి ఆయన వీపు ఒక్కసారి బిగుసుకుంది. ఆయనేమీ అనలేదు. వెంటనే సన్నగా దగ్గారు.

మురహరి ఆగాడు.

"ఇంకా ఉంది, కాస్త తియ్యొచ్చు" అంది నజీమా మేడం.

"చాలు మేడం. ఆయన వీపు బిగిసింది." అతను సూది వెనక్కి తీసి, దూది పెట్టి నొక్కి, చిన్న ప్లాస్టరు అతికించి, చెయ్యి మళ్లీ ఆయన భుజం మీద ఆన్చాడు. "అయిపోయింది సార్. మెల్లగా ఊపిరి పీల్చండి. నొప్పి పుట్టిందా?"

ఆయన దిండు మీద నుంచి వెంటనే లేవలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపి, తన భుజం మీదున్న అతని చేతిని వెతికి పట్టుకున్నారు. గ్లవ్స్ తడిగా ఉన్నాయి. అలాగే కాసేపు పట్టుకుని వదిలేశారు.

నీరు పరీక్షకు వెళ్లింది. క్షయ అని తేలింది. ఆ ఆసుపత్రిలో ఇన్నేళ్లుగా ఆయన ఎంతమందికి నయం చేసి పంపారో ఆ జబ్బే. మందులు క్రమం తప్పకుండా వాడితే తగ్గిపోతుంది. "మొత్తానికి నన్నూ పలకరించి పోదామనుకుంది" అని మాత్రలు మింగుతూ నవ్వారు. ఇంట్లో ఉండమని నజీమా మేడం ఎంత చెప్పినా ఒక్కరోజే ఉన్నారు. మర్నాడు మాస్కు కట్టుకుని వార్డులోకి వచ్చేశారు. రోగుల్ని ముట్టుకోనని మాట ఇచ్చి, ఒక కుర్చీ వేయించుకుని గోడ పక్కన కూర్చున్నారు.

ఆ రోజే సన్యాసమ్మ వచ్చింది. జనపనార మిల్లులో పనిచేసే మనిషి. ఎడమవైపు నీరు పట్టింది. రెండు మాటలకోసారి ఊపిరి అందుకుంటోంది, కానీ గొంతు మాత్రం ఖంగుమంటోంది. మురహరి ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఏం చేయబోతున్నాడో, ఎందుకో చెప్పాడు. ఆమె వద్దంటే మానేస్తానని కూడా చెప్పాడు. సాహితి పక్కన నిలబడింది.

సన్యాసమ్మ అతన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"ఈ పని నీకొచ్చా బాబూ?"

వార్డులో పక్కమంచాల వాళ్లు కూడా తలలు తిప్పారు. వచ్చమ్మా అంటే అయిపోతుంది. ఆమె నమ్ముతుంది.

"నా చేత్తో సరిగ్గా తీసింది ఒక్కరికేనమ్మా" అన్నాడు మురహరి.

"ఒక్కరికేనా!" ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "అయితే ఆ మడిసి ఏడీ? బాగున్నాడా?"

మురహరి స్టూలు మీంచి లేచాడు. గోడ పక్కన కుర్చీ కిర్రుమంది. సువర్ణరాజు గారు లేచి నిలబడ్డారు. గోడ కేసి తిరిగి, చొక్కా వెనక భాగం చేత్తో పైకెత్తారు. పక్కటెముకల మధ్య చిన్న ప్లాస్టరు ముక్క.

పక్కమంచాల వాళ్లు మెడలు సాచి చూశారు.

"పెద్దడాక్టరుబాబుకా!" అంది సన్యాసమ్మ.

"నాకే" అన్నారాయన చొక్కా దించుకుంటూ.

"నొప్పెట్టిందా బాబూ?"

ఆయన కాస్త ఆలోచించారు. "పెట్టింది. పెడుతుందని ముందే చెప్పాడు."

సన్యాసమ్మ ఆయన్నీ, మురహరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత చీర కొంగు భుజం మీంచి తీసి నడుముకు దోపుకుంది. బల్ల తనే దగ్గరికి లాక్కుంది. దిండు మీద చేతులు పెట్టి, మెల్లగా ముందుకు వాలి, అతనికి వీపు పెట్టింది.

మురహరి కదలలేదు. ఆ వీపు కేసి చూస్తున్నాడు. అతని కళ్లు మసకబారాయి.

సువర్ణరాజు గారు తిరిగి కుర్చీలో కూర్చున్నారు.

"చేతులు కడుక్కో నాయనా" అన్నారు.